తేదీ వేసిన కాగితం

జూన్ రెండో వారంలో బడులు తెరిచేసరికి హైదరాబాద్ మాణికేశ్వర్ నగర్ అద్దె గదుల్లో పొద్దుటి సందడి పెరుగుతుంది. నిన్నటిదాకా డీఎస్సీ పుస్తకాలు చంకన పెట్టుకుని ఉస్మానియా యూనివర్సిటీ రీడింగ్ రూముకు పోయిన పిల్లలు ఇస్త్రీ బట్టలు వేసుకుని, టిఫిన్ డబ్బా పట్టుకుని తార్నాక బస్టాపు వైపు నడుస్తుంటారు. బీఎడ్ చేతికొచ్చింది, టెట్ గట్టెక్కింది, ఏదో ఒక ప్రైవేటు బడిలో ఉద్యోగం దొరికింది. ఎవరు ఎదురైనా నేను అడిగేది ఒక్కటే: "ఆర్డరు ఇచ్చిన్రా బిడ్డా?"

చాలామంది దగ్గర ఉండదు. "వచ్చే నెల ఇస్తామన్నరు సార్" అంటారు. కొందరు వాట్సాప్‌లో వచ్చిన ఒక్క వాక్యం చూపిస్తారు. పాఠాలు చెప్పి రిటైరైన నాకు సాయంత్రాలు ఈ పిల్లలు తెచ్చే కాగితాలు చదివిపెట్టడం అలవాటయింది. వడ్డెర బస్తీ అని కూడా పిలుచుకునే ఈ నగర్‌లో రాతిపని చేసిన కుటుంబాలు ఎక్కువ. వాళ్ల ఇళ్లలోంచి కూడా ఇప్పుడు టీచర్లు వస్తున్నారు. పల్లెల నుంచి వచ్చి ఇక్కడ గది తీసుకున్నవాళ్లు వీరికి తోడు. ఇంట్లో మొదటి నెల జీతం వాళ్లదే కావడంతో అడగడానికి జంకుతారు. అడిగితే ఉద్యోగం పోతుందేమోనన్న భయం ఉత్తది కూడా కాదు.

సర్కారు ఉద్యోగం వస్తే ఈ బెంగ లేదు. అక్కడ నియామక పత్రం, సర్వీస్ రిజిస్టరు మొదటి రోజు నుంచే వెంట ఉంటాయి. కానీ ఆ ఉద్యోగం ఎప్పుడొస్తుంది? తెలంగాణలో 2017లో 8,792 టీచరు పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. 2023లో ఇచ్చిన 5,089 పోస్టుల నోటిఫికేషన్‌ను రద్దుచేసి 2024లో 11,062 పోస్టులతో కొత్తది వేశారు. ఆ అక్టోబరులో ఎల్‌బీ స్టేడియంలో నియామక పత్రాలు ఇచ్చారు. 2017కూ 2024కూ మధ్య బీఎడ్ పూర్తిచేసిన పిల్లలు ఏం తిని బతికారు? ప్రైవేటు బడి జీతమే తిన్నారు. కాబట్టి కొత్త టీచరు హక్కుల సంగతి మన దగ్గర ముందుగా ప్రైవేటు బడి సంగతే.

మొన్న ఒక అమ్మాయి తెచ్చిన కాగితం సంగతి చెబుతాను. బడి పేరు ఇక్కడ అక్కర్లేదు. లెటర్‌హెడ్ మీద ఒకటిన్నర పేజీ. జీతం "కన్సాలిడేటెడ్", అంటే బేసిక్ ఎంత, మిగతా అలవెన్సులు ఎంత అన్న విభజన లేదు. చేరిన తేదీ దగ్గర ఖాళీ. యాజమాన్యం ఎప్పుడైనా, కారణం చెప్పకుండా తీసేయవచ్చు. ఆమె మాత్రం విద్యాసంవత్సరం మధ్యలో మానితే మూడు నెలల జీతం కట్టాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆఫీసులో ఉంచాలి. "యాజమాన్యం అప్పగించిన ఇతర పనులు" చేయాలి. కింద ఆమె సంతకానికి చోటుంది, బడి తరఫున ఎవరు సంతకం చేస్తారో లేదు.

పెన్సిలుతో ఒక్కో లైను కింద గీస్తూ పోయాం. బేసిక్ విడిగా రాయించుకోమన్నాను, ఎందుకంటే పీఎఫ్ లెక్క, గ్రాట్యుటీ లెక్క దాని మీదే నడుస్తాయి. చేరిన తేదీ ఖాళీగా వదలవద్దన్నాను. ఎండాకాలం సెలవుల జీతం సంగతి రాయించుకోమన్నాను, ఏప్రిల్‌తో జీతం ఆపి జూన్‌లో మళ్లీ "కొత్తగా" చేర్చుకునే బడులు ఉన్నాయి కనుక. "ఇతర పనులు" అన్నచోట ఆమె తనే నవ్వింది. ఏప్రిల్, మే ఎండల్లో అడ్మిషన్ల కోసం ఇల్లిల్లూ తిరగడమని ఆమెకు సీనియర్లు ముందే చెప్పారు.

సర్టిఫికెట్ల దగ్గర మాత్రం నేను గట్టిగానే మాట్లాడాను. ఒరిజినల్స్ చూపించాలి, జిరాక్సులు ఇవ్వాలి, అంతవరకే. పదో తరగతి మెమో నుంచి బీఎడ్ పట్టా దాకా అన్నీ బీరువాలో పెట్టి తాళం వేసుకునే హక్కును ఏ చట్టమూ బడికి ఇవ్వలేదు. రేపు డీఎస్సీ సర్టిఫికెట్ వెరిఫికేషన్‌కు పిలుపొస్తే ఆ తాళం దగ్గర నిలబడి బతిమాలుకోవాల్సి వస్తుంది. మూడు నెలల జీతం షరతు కూడా రాసినంత మాత్రాన రాసినట్టు వసూలయ్యేది కాదు. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఒప్పందంలో ఎంత రాసుకున్నా కోర్టు సబబనుకున్న పరిహారమే ఇప్పిస్తుంది.

"కారణం చెప్పకుండా తీసేయవచ్చు" అన్న మాటకు జవాబు నలభై ఏళ్ల కిందటే ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 1982లో వచ్చిన విద్యా చట్టం ఇప్పుడు తెలంగాణకూ వర్తిస్తోంది. ఆరోపణ ఏమిటో తెలపకుండా, విచారణ జరపకుండా, తన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా ప్రైవేటు విద్యాసంస్థ ఉద్యోగిని తీసేయకూడదని అందులో 79వ సెక్షన్ చెబుతుంది. 1994 జనవరి 1న వచ్చిన జీవో నంబర్ 1 ఇంకో అడుగు ముందుకేసింది. ఫీజుల రాబడిలో సగం సిబ్బంది జీతాలకు పోవాలి, మరో 15 శాతం గ్రాట్యుటీ, పీఎఫ్, ఇన్సూరెన్స్ లాంటి వాటికి పోవాలి, యాజమాన్యానికి మిగులు 5 శాతం అని రాసింది.

ఈ జీవోను లెక్కలోకి దించి చూపిస్తే పిల్లల కళ్లు పెద్దవవుతాయి. ఒక చిన్న బడిలో 300 మంది పిల్లలు, తలా ఏడాదికి 20,000 ఫీజు అనుకుందాం. రాబడి 60 లక్షలు, అందులో సగం 30 లక్షలు. టీచర్లు, ఆయా, ఆఫీసు మనిషి అందరూ కలిపి 15 మంది అయితే సగటున ఒక్కొక్కరికి ఏడాదికి రెండు లక్షలు, నెలకు 16,600 పైచిలుకు. మీ బడి లెక్క మీరే వేసుకోండి అంటాను. వేసుకుని చాలాసేపు మాట్లాడనివాళ్లను చూశాను.

మరి చట్టం ఉండీ టీచరుకు దారి ఎందుకు దొరకదు? ఒక కారణం 1988లో ఉంది. గోవాలో ఉద్యోగం పోగొట్టుకున్న ఒక బడి టీచరు సుందరాంబాళ్ కేసులో సుప్రీంకోర్టు విద్యాసంస్థ "పరిశ్రమ" కిందికే వస్తుందంది, కానీ టీచరు "కార్మికుడు" కాదంది. చదువు చెప్పడం కూలిపనితోనో గుమస్తా పనితోనో పోల్చేది కాదు, ఉన్నతమైన వృత్తి అన్నది ఆ తీర్పు వెనక ఉన్న ఆలోచన. గౌరవమే. కానీ ఆ గౌరవం వల్ల పారిశ్రామిక వివాదాల చట్టం తలుపు టీచరుకు మూసుకుపోయింది. బడిలో బస్సు నడిపే డ్రైవరు లేబర్ కోర్టుకు పోగలడు, పక్క గదిలో లెక్కలు చెప్పే టీచరు పోలేడు. ఇది నాకు ఎన్నడూ మింగుడుపడలేదు.

గ్రాట్యుటీ విషయంలోనూ అదే దారిలో నడిచింది కథ. టీచర్లు 1972 నాటి గ్రాట్యుటీ చట్టం చెప్పే "ఉద్యోగి" నిర్వచనంలోకి రారని 2004లో సుప్రీంకోర్టు అంది. పార్లమెంటు 2009లో నిర్వచనమే మార్చి, 1997 ఏప్రిల్ 3 నుంచి వర్తించేలా చేసింది. ప్రైవేటు బడుల సంఘాలు కోర్టుకెక్కాయి. 2022 ఆగస్టు 29న సుప్రీంకోర్టు సవరణ సబబేనని, వడ్డీతో సహా చెల్లించాలని తేల్చింది. అయిదేళ్ల సర్వీసు ఉన్నవారికి ఏడాదికి 15 రోజుల జీతం లెక్క. చివరి నెల బేసిక్, డీఏ కలిపి 13,000 అయితే, 26తో భాగించి 15తో హెచ్చించాలి, 7,500 వస్తుంది. ఆరేళ్లు చేస్తే 45,000. ఏ కాగితమూ లేకపోతే ఆ ఆరేళ్లు చేసినట్టు ఎవరు చెప్పాలి? జూన్‌లో తీసుకుని ఏప్రిల్‌లో వదిలే పద్ధతి ఎందుకు పుట్టిందో ఇప్పుడు అర్థమవుతుంది.

కాగితం విలువ కరోనా కాలంలో అందరికీ తెలిసొచ్చింది. బడులు మూతబడి ప్రైవేటు టీచర్లు కూరగాయలు అమ్మారు, ఉపాధి హామీ పనికి పోయారు. 2021 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తామని ప్రకటించింది. అప్పుడు మొదటి ప్రశ్న, ఆ మనిషి టీచరేనా, ఏ బడి రికార్డులో పేరుంది అన్నదే అయింది. ఏళ్ల తరబడి పిల్లల హాజరు వేసినవాళ్లు తమ హాజరు ఎక్కడ పడిందో వెతుక్కున్నారు.

2025 నవంబర్ 21న నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వృత్తి భద్రతకు సంబంధించిన కోడ్ ప్రతి ఉద్యోగికీ యజమాని నియామక పత్రం ఇవ్వాలంటోంది. సామాజిక భద్రతా కోడ్ ప్రకారం నిర్ణీత కాలానికి తీసుకున్నవారికి గ్రాట్యుటీకి ఏడాది సర్వీసు చాలు. 1988 నాటిలా మళ్లీ టీచరును గౌరవించి గడప బయటే నిలబెట్టకుండా చూడాల్సింది ఇప్పుడే. టీచర్ల సంఘాలు ఈ ఒక్క విషయం మీద గట్టిగా పట్టుబట్టాలని నా కోరిక.

ఇదంతా మనకు రావలసినది. మన మీద ఉన్నదీ తక్కువ కాదు, అది కూడా ఈ పిల్లలకు ఎవరూ చెప్పి పంపరు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మనసు గాయపడేలా వేధించడాన్నీ నిషేధించింది. 24వ సెక్షన్ వేళకు రావడం, సిలబస్ పూర్తిచేయడం, ఒక్కో పిల్లవాడికీ ఎంత వచ్చిందో చూసుకోవడం, తల్లిదండ్రులతో క్రమంగా మాట్లాడటం టీచరు విధులంది. వారానికి 45 పనిగంటలని షెడ్యూలు చెబుతుంది. పాఠం తయారీకి పట్టే సమయమూ అందులోదే, అది దయాధర్మంగా ఇంట్లో చేసుకునేది కాదు. 28వ సెక్షన్ ప్రైవేటు ట్యూషన్లు వద్దంది. ఆ మాట చదివినప్పుడు మా గల్లీలో ఏడున్నర దాకా ట్యూషన్ చెప్పి గది అద్దె కట్టుకునే పిల్లలు గుర్తొస్తారు. ట్యూషన్ ఆపమనే చట్టమే 23వ సెక్షన్‌లో జీతభత్యాలు, సర్వీసు షరతులు నిబంధనల ప్రకారం ఉండాలని కూడా అంది. రెండో మాట పట్టించుకోకుండా మొదటి మాటతో టీచరును నిలదీయడం న్యాయం కాదు.

అన్నిటికంటే బరువైన బాధ్యత, లైంగిక నేరాల నుంచి పిల్లలను కాపాడే 2012 నాటి పోక్సో చట్టంలో ఉంది. మూడో తరగతి పాప వారం నుంచి కడుపునొప్పి అంటుంది, ఆటో ఎక్కనని ఏడుస్తుంది. దగ్గర కూర్చోబెట్టుకుంటే చెప్పకూడనిది చెబుతుంది. కొత్త టీచరు ప్రిన్సిపాల్ దగ్గరికి పోతుంది. "నేను చూసుకుంటా, నువ్వు క్లాసుకు పో, బడి పేరు పోతుంది" అన్న జవాబు వస్తే? అక్కడితో తన పని అయిపోయిందని ఆమె అనుకుంటే పొరపాటు. 19వ సెక్షన్ ప్రకారం విషయం తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పాల్సిందే, ప్రిన్సిపాల్‌కు చెప్పడం పోలీసులకు చెప్పడం కిందికి రాదు. చెప్పకుండా ఊరుకుంటే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు లేదా జరిమానా, తన కింద పనిచేసేవారి నేరాన్ని సంస్థ బాధ్యుడు దాచితే ఏడాది దాకా. మంచి ఉద్దేశంతో సమాచారం ఇచ్చినవారి మీద సివిల్ కేసూ క్రిమినల్ కేసూ నిలవవని అదే చట్టం ధైర్యం చెబుతోంది. పాప పేరు, ఫొటో స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో పెట్టడం కూడా నేరమే. 1098కి ఫోన్ చేయవచ్చు. ఏ రోజు, ఎన్ని గంటలకు, పాప ఏ మాటల్లో చెప్పిందో అదే రోజు రాసిపెట్టుకోవాలి.

ఎప్పుడైనా, కారణం చెప్పకుండా తీసేయవచ్చన్న కాగితం మీద సంతకం పెట్టిన టీచరు ఆ పాప కోసం పోలీస్‌స్టేషన్ మెట్లెక్కగలదా? నా వాదన ఇక్కడే ఉంది. టీచరు ఉద్యోగానికి భద్రత అడగడం పిల్లల భద్రత అడగడమే.

బీఎడ్ రెండేళ్లయింది, ఇంటర్న్‌షిప్ వారాలు పెరిగాయి, లెసన్ ప్లాన్ రికార్డులు లావయ్యాయి. వాటితో పాటు, మా పక్కనే ఉన్న యూనివర్సిటీ ఎడ్యుకేషన్ కాలేజీతో మొదలుపెట్టి అన్ని బీఎడ్ కాలేజీల్లోనూ చివరి సెమిస్టర్‌లో ఒక నియామక పత్రం తెచ్చి లైను లైనుగా చదివించాలి. పీఎఫ్ పాస్‌బుక్ ఎలా చూసుకోవాలో, పోక్సో సమాచారం ఎలా రాయాలో ఒక్కసారైనా చేతితో రాయించాలి. పెద్ద ఖర్చేమీ కాదు.

ఆ అమ్మాయికి బడివాళ్లు కాగితం మార్చి ఇవ్వలేదు. మేం ఇద్దరం కూర్చుని జాయినింగ్ రిపోర్టు రాశాం. ఫలానా తేదీ పొద్దున ఫలానా హోదాలో, ఫలానా జీతానికి చేరాను, ఒరిజినల్స్ చూపించి వెనక్కి తీసుకున్నాను అని నాలుగు లైన్లు. ఒక ప్రతి ఆఫీసులో ఇచ్చి రెండో ప్రతి మీద స్టాంపు వేయించుకోమన్నాను. వేయకపోతే బడి ఈమెయిల్‌కు పంపి, స్పీడ్ పోస్టులో కూడా వేసి రసీదు దాచుకోమన్నాను. ఇష్టంగా కాకపోయినా ఆఫీసులో స్టాంపు వేశారట. తేదీతో సహా.