చక్కెర ఊరు, సిమెంటు ఊరు

నిజామాబాద్ జిల్లా బోధన్ పేరు చెబితే మనకు చక్కెర ఫ్యాక్టరీ గుర్తొస్తుంది. కలబురగి జిల్లా మల్ఖేడ్‌ను సిమెంటు లారీలవాళ్లు ఎరుగుదురు. పన్నెండు వందల ఏళ్ల కింద బోధన్ వేములవాడ చాళుక్యుల తొలి నెలవు. వాళ్ల ఏలికలైన రాష్ట్రకూటులకు మల్ఖేడ్, అంటే నాటి మాన్యఖేటం, రాజధాని. రెండూ 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోవే. స్థానిక చరిత్రలు రాసేవాళ్లు రాజవైభవానికి ఒక అధ్యాయం, ఫ్యాక్టరీకి ఇంకో అధ్యాయం కేటాయించి ఊరుకుంటారు. అసలు అడగాల్సింది ఒకటే: ఆనాడు, ఈనాడు ఆ ఊళ్లకు సంపద ఎక్కణ్నుంచి వచ్చింది, ఎటు పోయింది?

బోధన్ సంగతి చూద్దాం. వేములవాడ ఆస్థానంలో ‘విక్రమార్జున విజయం’ రాసిన పంపకవి, తన ప్రభువు పూర్వీకుడైన యుద్ధమల్లుడు ఈ ఊళ్లో 500 ఏనుగులకు నూనె కొలనుల్లో స్నానాలు చేయించాడని పొగిడాడు. ఆస్థానకవి మాట కాబట్టి సగానికి సగం తగ్గించుకున్నా, ఆ పొగడ్త ఎంచుకున్న వస్తువును గమనించాలి. బంగారం కాదు, ముత్యాలు కాదు, నూనె. గింజ పండితేనే నూనె. అంటే రాజు దర్పం రైతు చేలోంచే వచ్చింది.

మాన్యఖేటం తీరు వేరు. తొమ్మిదో శతాబ్దంలో రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడు దాన్ని ఇంద్రుడి నగరాన్ని వెక్కిరించేలా తీర్చాడని శాసనకవులు రాశారు. అరబ్బు వర్తకులు అక్కడి రాజును లోకంలోని నలుగురు గొప్ప రాజుల్లో ఒకడిగా లెక్కపెట్టారు. కన్నడ లక్షణగ్రంథం ‘కవిరాజమార్గం’ ఆ కొలువులోనే పుట్టింది. అంతటి వైభవం కాగిణా నది ఒడ్డున పండిన పంటతో రాలేదు. దూరదేశాల నుంచి కప్పంగా వచ్చింది. అలా వచ్చింది అలాగే పోయింది. 972లో మాళవ రాజు సీయకుడు నగరాన్ని దోచుకున్నాడు. కవి ధనపాలుడు తన ప్రాకృత నిఘంటువు పూర్తయిన ఏడాదిని చెప్పడానికి ఆ దోపిడీనే గుర్తుగా వాడుకున్నాడు. మరుసటి ఏటికి రాష్ట్రకూట రాజ్యమే లేదు.

ఇక ఫ్యాక్టరీలు. మంజీరకు అడ్డంగా నిజాంసాగర్ కట్టడం 1931లో పూర్తయింది. కాలువ నీళ్లు వచ్చాయి, చెరుకు వచ్చింది, 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. కోస్తా జిల్లాల రైతులు వలస వచ్చి ఆయకట్టు పొడుగునా ‘క్యాంపులు’ అనే ఊళ్లు కట్టుకున్నారు. చెరుకుకు ఒక గుణం ఉంది: నరికాక ఆగదు. రోజు గడిచేకొద్దీ గడ ఎండుతుంది, తీపి తగ్గుతుంది, తూకమూ తగ్గుతుంది. అందుకే చెరుకు మిల్లు తోటల నడుమే ఉండాలి. ఎవరి తోట ఎప్పుడు నరకాలో ఫ్యాక్టరీ చెప్పాలి; ఆ కబురు కోసం రైతు ఎదురుచూడాలి. ఒకరు లేనిదే ఇంకొకరికి గడవదు.

మల్ఖేడ్ సున్నపురాయికి ఆ తొందర లేదు. కోట్ల ఏళ్లు భూమిలో పడుంది, ఇంకో పదేళ్లయినా ఉంటుంది. మన ఇళ్లలో పరిచిన షాబాద్ బండ కూడా ఆ ప్రాంతపు సున్నపురాయే. 1980లలో మల్ఖేడ్‌లో పెట్టిన రాజశ్రీ సిమెంట్, ఇప్పటి అల్ట్రాటెక్, ఆ రాయిని పొడిచేసి, దాదాపు 1450 డిగ్రీల వేడిలో కాల్చి, సిమెంటుకు మూలమైన క్లింకర్ చేస్తుంది. చుట్టుపక్కల రైతు ఏం పండించాడన్న దానితో ఆ కొలిమికి నిమిత్తం లేదు. కంది చేలకూ క్వారీకీ మధ్య ఉన్న బంధమల్లా పొలం గట్టే. ఉద్యోగాలు వచ్చాయి, నిజమే. కానీ నాడు కప్పం లోపలికి వచ్చిన ఊరి నుంచి నేడు భూమి బస్తాల్లో బయటికి పోతోంది.

ఈ తేడా వల్లే మంచిచెడ్డలు కూడా తారుమారయ్యాయి. 2002లో బోధన్ ఫ్యాక్టరీలో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి వెళ్లింది. 2015 డిసెంబరులో మిల్లు మూతపడింది. దాంతో కార్మికుడి జీతం ఒక్కటే ఆగిపోలేదు. రైతు పైరు మార్చుకోవాల్సి వచ్చింది, బండ్లవాడికి బేరం పోయింది. పెనవేసుకున్న పరిశ్రమ పడిపోతే ఊరిని కూడా లాగేస్తుంది. మల్ఖేడ్‌లో కొలిమి ఆరలేదు, అయినా ఊరు ఊరుగానే మిగిలింది.

మూతపడ్డ మిల్లు కన్నా నడిచే మిల్లే నయమని పైకి తోస్తుంది. నేను బోధన్ వైపే మొగ్గుతాను. అక్కడ ఒక ఫ్యాక్టరీ దాదాపు ఎనభై ఏళ్లు జిల్లా వ్యవసాయాన్ని నడిపించింది. అది మళ్లీ తెరుచుకోవాలని రైతులు అడుగుతున్నారంటే ఆ బంధం ఎంత గట్టిదో తెలుస్తుంది. రేపు రాయి అయిపోయి మల్ఖేడ్ కొలిమి ఆరితే, దాన్ని మళ్లీ వెలిగించమని అడగడానికి రైతుకు కారణమే ఉండదు. పరిశ్రమ ఊరికి ఎంత దగ్గరైందో చెప్పే కొలత అదే. పొగగొట్టం ఎత్తు కాదు, రాజవంశం పేరూ కాదు.