తులాధారుని త్రాసు

హిందూధర్మము ధనమును తిరస్కరించినదనువారును, పురుషార్థములలో అర్థము చేరియున్నది కావున దానిని నిరాక్షేపముగ నంగీకరించినదనువారును మనలో కలరు. ఇరువురును ప్రశ్నను తప్పుచోట నిలిపిరి. ధనముండవచ్చునా యనుటకంటె, అది యెట్లు చేరినదనుటయే మహాభారతములోని కొన్ని కథలకు ప్రధానవిషయము.

12వ పర్వమగు శాంతిపర్వమున తులాధార జాజలి సంవాదమును చూడుడు. జాజలి మ్రానువలె కదలక తపము చేయగా పక్షులు అతని జడలలో గూడు కట్టి పిల్లల నెత్తినవి. ధర్మము తనకు సిద్ధించినదని యతడు గర్వింపగా, వారణాసిలోని తులాధారునకు నీవు సాటి కావని యాకాశవాక్కు వినబడెను. ఆ తులాధారుడు సుగంధద్రవ్యములును రసములును అమ్ముకొను వర్తకుడు. మద్యము మాత్రమమ్మడు, కొనుటయందును అమ్ముటయందును కపటమెఱుగడు. తన త్రాసు సర్వభూతములకు సమమని చెప్పుకొనినాడు. దీనిని సమదృష్టికి సంకేతమని చెప్పి ముగించుట సులభము. కాని యది మొదట అంగడిలోని త్రాసు. ఆ పిదపనే సంకేతము.

తులాధారుడంతటితో నాగలేదు. ఎద్దుల ముక్కులు కుట్టుటను, నాగలి నేలను, నేలలోని ప్రాణులను గాయపఱచుటను నిందించినాడు. కృషి లేనిచో అన్నమెక్కడిది, యజ్ఞమెక్కడిదని జాజలి యతనిని నాస్తికుడనినాడు. ఆక్షేపణ బలమైనది. తులాధారుని సమాధానము లుబ్ధుల యజ్ఞములను ఖండించుటవైపు మరలినదే కాని, అన్నమును గూర్చిన ప్రశ్న తీరలేదని నా యభిప్రాయము.

14వ పర్వమగు ఆశ్వమేధికమున ముంగిసకథ దానమహిమగా ప్రసిద్ధము. అతిథికిచ్చిన పేలపిండివలన దాని సగము మేను బంగారమైనది. ధర్మరాజు యజ్ఞశాలలో మిగిలిన సగము మాఱలేదు. ఆ పిండి పొలములలో రాలిన గింజలేఱుకొని చేసినదని మనము మఱతుము. ధర్మరాజు ధనమో, హిమవంతమున మరుత్తుడు విడిచిన నిధి. యుద్ధమున నష్టపడిన రాజులను పన్నులతో పీడింపనొల్లకయే దానిని తెచ్చెననుటయు గమనింపదగినది.

ఎఱ్ఱన పూరించిన అరణ్యపర్వమున ధర్మవ్యాధుడును వృత్తిజీవియే. కాని కథ యతనికి పూర్వజన్మమున బ్రాహ్మణత్వమును, ఋషిశాపమును కల్పించి, మాంసవిక్రేత కిచ్చిన గౌరవములో సగము వెనుకకు గైకొనినది. తులాధారునకు అట్టి పూర్వకథ యవసరము కాలేదు. వర్తకుడు వర్తకుడుగనే మునికి బోధించినాడు.