ప్రతినాయక మరణం – ఉత్సవగానం: ఒక నైతిక పరిశీలన

ప్రతినాయకుడు నేలకూలగానే జనం ఆడిపాడే సన్నివేశం పురాణాలకూ, జానపద కథలకూ, చలనచిత్రాలకూ ఉమ్మడి సంపద. అటువంటి సన్నివేశం ఎదురైనప్పుడు పాఠకుడు సాధారణంగా ఒకే ప్రశ్న వేసుకుంటాడు: చనిపోయినవాడు ఆ చావుకు తగినవాడా, కాడా? తగినవాడే అని తేలితే పాటకు అభ్యంతరం లేదనుకుంటాడు. ఈ ప్రశ్న అసంపూర్ణమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆ చావు ఎవరిని విడిపించింది? మృతుని కోసం దుఃఖించేవారికి కృతిలో చోటుందా? ఉత్సవగానపు నీతిని నిర్ణయించేవి ఈ రెండు ప్రశ్నలే. భాగవత, భారత ఘట్టాల ఆధారంగా వీటిని స్థిరపరచి, 1939 నాటి అమెరికన్ చిత్రం 'ది విజర్డ్ ఆఫ్ ఓజ్'లోని ఒక ప్రసిద్ధ గీతానికి అన్వయించి చూద్దాం.

తల్లి నిలిచిన చోటు

తెలుగువారికి మిక్కిలి పరిచితమైన మరణోత్సవం దీపావళి. దానికి మూలమైన నరకాసుర వధను భాగవత దశమస్కంధంలో పరిశీలిస్తే ఒక క్రమం కనిపిస్తుంది. నరకుడు పడగానే దేవతలు పూలవాన కురిపిస్తారు. ఆ వెంటనే రంగం మీదికి వచ్చేది మృతుని తల్లి భూదేవి. ఆమె అదితి కుండలాలను కృష్ణునికి అప్పగించి, ఆయనను స్తుతించి, భయంతో ఉన్న మనుమడు భగదత్తుని కాపాడమని వేడుకొంటుంది. కృష్ణుడు అభయమిస్తాడు. ఆ తరువాతనే చెరలోని పదహారు వేల మంది కన్యల విముక్తి. హర్షానికీ విముక్తికీ నడుమ కావ్యం ఒక తల్లిని నిలిపింది. చనిపోయినవాడు ఒకరి కొడుకనీ, మరొకరి తండ్రి అనీ గుర్తుచేసిన తరువాతనే చెర తలుపు తెరిచింది.

కూలినవానిపై పూలవాన

భారతం మరింత కఠినమైన పరీక్ష పెడుతుంది. శల్యపర్వంలో తొడలు విరిగి పడిన దుర్యోధనుని తలను భీముడు కాలితో తన్నుతాడు. ధర్మరాజు వారిస్తాడు. పాంచాలాది యోధులు సింహనాదాలు చేస్తూ, శంఖాలు పూరిస్తూ, భీముని పొగడుతూ ఉండగా, కూలిన శత్రువును మాటలతో మళ్ళీ చంపడం న్యాయం కాదని కృష్ణుడు అంటాడు. విశేషమేమంటే, ఆ వారించే మాటల వెంటనే ఆయన కూడా దుర్యోధనుని నిందిస్తాడు. సంయమనం బోధించడం ఎంత సులువో, పాటించడం ఎంత కష్టమో ఇతిహాసం దాచలేదు. పడినవాడు బదులు పలికినప్పుడు వ్యాసభారతంలో పూలవాన అతనిపైనే కురుస్తుంది, విజేతలు సిగ్గుపడతారు. ఆ రాత్రే అశ్వత్థామ నిద్రిస్తున్న పాంచాలురను సంహరిస్తాడు. జయధ్వానం చేసినవారిలో ఎందరికో మరునాడు తెల్లవారలేదు. దీనిని ఉత్సవానికి పడిన శిక్షగా చదవనక్కరలేదు. ఒక చావుతో పగ ముగిసిందనుకోవడం భ్రమ అని చెప్పడమే ఇక్కడి కథన ఉద్దేశం.

ఖాళీ అయిన చోటు

ఓజ్ చిత్రంలో సుడిగాలికి ఎగిరివచ్చిన డొరొతీ ఇల్లు తూర్పు దిక్కు మంత్రగత్తెపై పడుతుంది. ఆమె ఏలుబడిలో మగ్గిన మంచ్‌కిన్‌లు ఆనందంతో పాడతారు. గీతానికి సాహిత్యం ఇ.వై. హార్బర్గ్, సంగీతం హెరాల్డ్ ఆర్లెన్. పాట నడుమ ఒక అధికారి వచ్చి మరణాన్ని ధ్రువీకరించడం హాస్యం కోసమే. అయినా అది వారి భయం లోతును కూడా తెలుపుతుంది. అధికారికంగా చెప్పేదాకా పీడ విరగడైందని వారు నమ్మలేరు. ఇంతవరకు ఇది నిస్సందేహంగా విముక్తిగీతం.

అంతలో మృతురాలి తోబుట్టువైన పడమటి మంత్రగత్తె ప్రత్యక్షమై, చంపిందెవరని అడుగుతుంది. కొద్దిసేపటికే గ్లిండా ఆమెకు కెంపుల పాదరక్షలను గుర్తుచేస్తుంది. ఆమె దృష్టి శవాన్ని విడిచి చెప్పుల మీదికి మళ్ళుతుంది. దుఃఖించగల ఒకే ఒక్క బంధువును చిత్రం ఈ విధంగా దుఃఖం నుంచి తప్పించింది. ప్రేక్షకుని ఆనందం నిష్కళంకంగా మిగలడానికి కారణమిదే. భాగవతం తల్లిని నిలిపిన చోటును ఈ చిత్రం ఖాళీ చేసింది.

కథ దాటిన పాట

కల్పిత కథలో ఈ ఖాళీ చెల్లుతుంది. పాట కథను దాటి లోకంలోకి వచ్చినప్పుడు చిక్కు మొదలవుతుంది. 2013 ఏప్రిల్ 8న బ్రిటన్ మాజీ ప్రధాని మార్గరెట్ థాచర్ మరణించినప్పుడు, ఆమె వ్యతిరేకులు ఈ గీతాన్ని పనిగట్టుకొని కొన్నారు. అది ఆ దేశపు పాటల అమ్మకాల పట్టికలో రెండవ స్థానానికి చేరింది. బి.బి.సి. రేడియో పూర్తి గీతాన్ని కాక, వార్తాంశంలో భాగంగా కొద్ది క్షణాల ఖండికను మాత్రమే వినిపించింది.

పాటను కొన్నవారి పక్షాన్ని తేలికగా తోసిపుచ్చలేం. 1984–85 గని కార్మికుల సమ్మె ఓటమినీ, గనుల మూతనూ చూసిన ఊళ్ళ వేదన కల్పితం కాదు. అధికారిక నివాళుల హోరులో తమ గొంతు వినిపించడానికి ఇదొక దారి అన్న వాదనకూ బలముంది. కాని ఆమె 1990లోనే పదవి వీడింది. 2013 నాటి మరణం ఏ చెర తలుపునూ తెరవలేదు. మూతపడిన ఏ గనినీ తెరిపించలేదు. విముక్తి లేనిచోట విముక్తిగీతం పాడితే అందులో మిగిలేది చావు ఒక్కటే. పైగా 'మంత్రగత్తె' అన్న పిలుపు పాలకురాలి విధానాలను వదిలి, ఆమె స్త్రీ కావడాన్నే గురిచూస్తుంది. మంత్రాల నెపంతో మనుషులను చంపిన ఘటనలు చూసిన తెలుగు నేలకు ఆ మాట బరువు తెలియనిది కాదు.

ముగింపు

పీడితుల హర్షాన్ని నిషేధించే నీతి చివరకు పీడకునికే ఉపకరిస్తుంది. కాబట్టి ఇటువంటి పాటలన్నిటినీ ఒకే తీర్పుతో కొట్టివేయడం తగదు. విడుదలైనవారు తమ విడుదలను పాడుకోవడం ధర్మమే. అదే పాట కూలిన దేహం వైపు తిరిగితే భీముని పాదం చేసిన పనినే అదీ చేస్తుంది. ఈ రెండింటి నడుమ గీతను గుర్తించడానికి పాటలోని మాటలు మాత్రమే చాలవు. పాడేది ఎవరు, ఎప్పుడు, వారు పాడుతున్నప్పుడు భూదేవి ఎక్కడ నిలిచి ఉంది అన్నవి కూడా విమర్శకుడు అడగాలి.