ఒకే చిట్టా, నాలుగు ప్రశ్నలు

"ఆడిటర్ గారూ, మా అమ్మాయికి బీకాం అయిపోయింది. ఎంకాంలో చేర్పించమంటారా, ఎంబీఏనా, సీఏనా? ఏది గొప్ప?" డిగ్రీ ఫలితాలు వచ్చాయంటే మా ఆఫీసులో ఇదే మాట. గొప్పల సంగతి పక్కనబెట్టి, ఒక రైస్ మిల్లు లెక్కలు ఊహించుకోమంటాను.

సర్కారు ధాన్యం క్వింటా ఆడితే 67 కిలోల పచ్చిబియ్యం అప్పగించాలి. తవుడు, నూకలు, ఊక లెక్క వేరే. పుస్తకంలో ఉన్నన్ని బస్తాలు గోదాములో ఉన్నాయా అని సీఏ అడుగుతాడు. కరెంటు, హమాలీ, యంత్రాల తరుగుదల కలిపితే బస్తాకు ఎంత పడిందని కాస్ట్ అకౌంటెంట్, అంటే సీఎంఏ, అడుగుతాడు. అప్పు తెచ్చి రంగు మారిన గింజలు ఏరే కొత్త సార్టెక్స్ యంత్రం పెడితే వడ్డీ పోను మిగిలేదెంత అన్నది ఎంబీఏ ఫైనాన్స్ చదివినవాడి బెంగ. అసలు తరుగుదలను ఖర్చుగా ఎందుకు రాయాలో పిల్లలకు అర్థమయ్యేలా చెప్పడం ఎంకాం చదివి లెక్చరరైనవాడి పని.

చట్టం కూడా ఈ గీతలు గీసింది. 2013 కంపెనీల చట్టం ప్రకారం కంపెనీ ఖాతాల ఆడిట్ నివేదిక మీద ప్రాక్టీసులో ఉన్న సీఏ సంతకమే చెల్లుతుంది. ఎంబీఏలో బంగారు పతకం వచ్చినా అక్కడ పనికిరాదు. కొన్ని పరిశ్రమలకు తప్పనిసరైన కాస్ట్ ఆడిట్ సీఎంఏలది.

ఇక కాలం సంగతి. ఐసెట్ ప్రవేశ పరీక్ష రాసి ఎంబీఏలో చేరినవాళ్లకు రెండేళ్లలో పట్టా చేతికొస్తుంది. బీకాంలో 55 శాతం వస్తే ఫౌండేషన్ రాయకుండా నేరుగా సీఏ ఇంటర్‌కు వెళ్లొచ్చు. ఆడిటరు దగ్గర పని నేర్చుకునే ఆర్టికల్‌షిప్ రెండేళ్లే, కానీ ఫైనల్ ఎప్పుడు గట్టెక్కుతుందో ఎవరూ చెప్పలేరు. అన్నాళ్లు ఇల్లు ఆగగలదా అన్నది తల్లిదండ్రులు నిజాయితీగా వేసుకోవలసిన లెక్క.

మిగతాది అమ్మాయే తేల్చుకోవాలి. ఆ నాలుగు ప్రశ్నల్లో రోజూ అడిగినా విసుగు పుట్టనిది ఏది? ఇంకా బీకాం ఆఖరి ఏడాదిలో ఉన్నవాళ్లు, టాక్స్ ఆడిట్ల గడువు తరుముకొచ్చే సెప్టెంబరులో, ఏదైనా ఆడిటరు ఆఫీసులో వారం కూర్చుంటే సగం తెలిసిపోతుంది. ఖర్చు బస్సు చార్జీలే.