ఆద్యయా, ఆధ్యయా?

పాతబస్తీలోని యొక పాఠశాలలో మేము హాజరుపట్టిక చదువుచుండగా నొక బాలిక లేచి, “సార్, మా నాయనమ్మ నన్ను ఇట్ల పిలువదు” అనెను. పట్టికలోని యాంగ్లాక్షరములను జూచి మేము ‘ఆధ్య’ యని పిలిచితిమి. నాయనమ్మ పిలుచునది ‘ఆద్య’ యట. తప్పు మాది, కాని మాది మాత్రమే కాదు.

మా బాల్యమున వినియెరుగని యీ పేరు నేడు మా తరగతులలో పలుమారు వినబడుచున్నది. ఈ ప్రచారమునకు కారణము లేకపోలేదు. పేరు చిన్నది, పలుకుటకు సుఖము, అర్థము గంభీరము. ‘ఆది’ శబ్దముపై యత్ప్రత్యయము చేరగా ‘ఆద్య’ యగును, మొదటిదని యర్థము. ఆద్యాశక్తి యని దుర్గకు ప్రసిద్ధి. ఆడుబిడ్డ పుట్టగానే ముఖము ముడుచుకొను గృహము లింకను గల దేశమున కుమార్తెను ‘మొదటిది’ యని పిలుచుట మాకెంతయు ప్రియము. కాని ‘ఆధ్య’ యన్నచో ఆ వ్యుత్పత్తి కుదురదు. ఒక్క యొత్తుతో ఆ మొదటితనము పోవుచున్నది.

ఈ యొత్తెక్కడిది? ఆంగ్లలిపిలో డకారమునకును దకారమునకును అక్షరమొక్కటే. అందుచే మనవారు దకారము వ్రాయునప్పుడు ‘డి’తో ‘హెచ్’ను చేర్చుట యలవాటు చేసికొనిరి. ఉత్తరదేశీయులు దానిని ఒత్తుగా చదువుట సహజమే. మనము వ్రాసినదానిని మనమే మరల తెలుగులోనికి ఒత్తుతో దించుకొనుట వింత! ‘విధ్యార్ధి’ యని వ్రాయు బాలురను దిద్దు మనము వారి పేరులనే యట్లు చెరుపుచున్నాము.

పేరులు మారకూడదా యని కొందరడుగుదురు. మారవచ్చును. లక్ష్మి లచ్చి యైనది. నాలుక మూలమున పలుకవలసిన యుర్దూ వర్ణమొకటి ఈ నగరమున ఖకారమునకు దగ్గరయైనది. అవి నోళ్లు తరతరములుగా చేసిన మార్పులు. వానిని మేము పరిహసింపము. ‘ఆధ్య’ను చేసినది నోరు కాదు, దరఖాస్తు కాగితము.

నగరచరిత్రలోనే యొక సాక్ష్యము గలదు. మహమ్మద్ కులీ కుతుబ్‌షా కుమార్తె హయాత్ బక్షీ బేగం. హయాత్ అనగా జీవితము. ఆమె పేర వెలసిన హయాత్‌నగరును నేడు ‘హయత్‌నగర్’ అనుచున్నాము. ఆంగ్లలిపిలో నా తకారమునకును ‘హెచ్’ను తగిలించితిమి. రాణి పేరే యిట్లైనచోట బడిపిల్ల పేరునకు దిక్కేమి?

మా పాఠశాలలోని యుర్దూ ఉపాధ్యాయుడు ఆ బాలిక పేరును దోషము లేకుండ ‘దాల్’ అక్షరముతో వ్రాసెను. ఆయన మొదట విని పిదప వ్రాసెను. మేము మొదట చదివి పిదప పిలిచితిమి. భేదమంతయు నిందే యున్నది.

జనన మరణ నమోదు చట్టము 1969లో వచ్చినది. దాని ప్రకారము శిశువు పేరు లేకయే జననమును నమోదు చేయించి, పిదప 12 నెలలలోపల రుసుము లేక పేరు చేర్పించవచ్చును. తొందర యేల? తల్లిదండ్రులు పేరును మొదట తెలుగున వ్రాసి, బిగ్గరగా చదివి, అర్థమెరిగి, అటుపిమ్మట ఆంగ్లమునకు పోవుదురు గాక. ఇదివరకే పేరు పెట్టినవారు కాగితములు మార్పింప నక్కరలేదు. తెలుగున సరిగా వ్రాసి, సరిగా పిలిచిన చాలును.

మరునాడు మేము ‘ఆద్య’ యని పిలిచితిమి. బాలిక పలికినది.