పొరుగు వ్యాజ్యమునకు వెల యిచ్చినదెవరు?

ఇరుగుపొరుగుల వైరము హాస్యరచయితలకు తరుగని గని. చూరునీరో, పెరటిలోనికి వంగిన మునగకొమ్మయో, ఏదైనను చాలును. నెరసిన తలల పెద్దమనుష్యులిద్దరు పసిపిల్లలగుదురు, చదువరి కడుపుబ్బ నవ్వును. ఆ నవ్వు చల్లారిన పిమ్మట, వకీలు ఫీజు ఎవరి పెట్టెలోనుండి వచ్చినదని రచయిత యడిగెనా లేదా యని విమర్శకుడు చూడవలెను. ఈ ప్రశ్నను చేతబట్టుకొని రెండు ప్రసిద్ధ రచనలను పరిశీలింపదలచితిని. ఒకటి, రష్యను భాషలో గోగోలు వ్రాసి 1835లో ‘మీర్గొరోద్’ సంపుటమున ప్రకటించిన యిద్దరు ఇవానుల కలహకథ. రెండవది, 1892లో విజయనగరమున ప్రదర్శింపబడి, 1897లో అచ్చై, 1909లో పెంచి తిరుగవ్రాయబడిన గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కము’.

గోగోలు కథలో ఇవాన్ ఇవానొవిచ్, ఇవాన్ నికిఫొరొవిచ్ ఇరుగుపొరుగువారు, ప్రాణమిత్రులు. ఒకనాడు పొరుగింటి ముసలిది పాతబట్టలతోపాటు ఒక తుపాకిని ఎండ వేసినది. మొదటివాడు దానికి ఆశపడి, ఒక పందిని, రెండు బస్తాల ఓట్లధాన్యమును ఇత్తుననెను. రెండవవాడు ఒప్పుకొనలేదు. మాట మీద మాట పెరిగి, ‘మగబాతు’ అను తిట్టు నోట వెడలినది. అంతటితో స్నేహము తెగినది. పొరుగువాడు సరిహద్దున బాతులకొట్టము కట్టించెను. ఇతడు రాత్రివేళ రంపము పట్టుకొనిపోయి దాని గుంజలు కోసెను. ఇరువురును కచేరికెక్కిరి. ఏండ్లు గడచిన తరువాత కథకుడు ఆ యూరికి మరల పోవునప్పటికి ఇద్దరును ముసలివారై, తీర్పు తనకే యనుకూలముగా రేపో మాపో వచ్చునని యెవరికి వారు నమ్ముకొని యున్నారు. ఈ ముగింపులోని దైన్యమును మించినది నేను చదువలేదు.

అయినను ఇందొక లోపమున్నది. ఒక ఇవాను బిడ్డలు లేని విధురుడు, రెండవవాడు అవివాహితుడు. వారి పంతమునకు వారే బలి. ఆ యిండ్లలో తాకట్టునకు పోవలసిన ఆలి నగలు లేవు, ఆగిపోవలసిన పిల్లవాని చదువు లేదు. గోగోలు తెలిసి చేసినను తెలియక చేసినను, వ్యాజ్యములో మిక్కిలి చేదైన భాగమును కథనుండి తొలగించినాడు. అందుచేతనే మనము అంత నిశ్చింతగా నవ్వగలుగుచున్నాము.

గురజాడవారు ఆ సౌకర్యము మనకీయలేదు. అగ్నిహోత్రావధానులకు వ్యాజ్యములనిన ప్రాణము. కాగితములు, వకీళ్లు, తర్జుమాలు, ఇదియే ఆయన జపము. ఆ యింటనే పెద్దకూతురు బుచ్చమ్మ బాలవితంతువు. చిన్నది సుబ్బిని ముసలి లుబ్ధావధానులకు 1800 రూపాయలకు ఇచ్చుటకు బేరము కుదిరినది. ఆ రూకలు లోనికి వచ్చు ద్వారమును, వ్యాజ్యములలోనికి పోవు ద్వారమును ఒకే యింటికున్నవి. సాధారణముగా మనము కన్యాశుల్కమునొక దురాచారముగను, వ్యాజ్యముల పిచ్చినొక హాస్యగుణముగను వేరుచేసి చదువుదుము. నాటకములో అవి వేరుకావు. మగవాని పంతమునకు నగదు కావలెను. అమ్ముటకు ఇంటిలో ఏమున్నది? వెంకమ్మ ఏడ్పును ఈ లెక్కతో కలిపి చదివిననే దాని బరువు తెలియును. విజయనగర సంస్థానపు వారసత్వ వ్యాజ్యపు కాగితములతో అప్పారావుగారు స్వయముగా చిరకాలము కుస్తీపట్టిన సంగతి ఇక్కడ మరువరాదు.

అయితే ఒక కొరత చెప్పక తప్పదు. అవధానులుగారి భూమి తగవులలోని ప్రతివాది రంగముమీదికి రాడు. పొరుగువాడు మనిషిగా కనబడనంతకాలము వైరము ఒక్కరి వెఱ్ఱిగానే తోచును. ఇద్దరి భయముగా తోచదు.

మన ధర్మశాస్త్రకారులు పొరుగువానిని చూచిన తీరు వేరు. సంస్కృతమున ‘సామంతుడు’ అనగా లోబడిన రాజు మాత్రమే కాదు, హద్దు పంచుకొన్నవాడు, అనగా పొరుగువాడు. ఇల్లు, పొలము తగవులందు సామంతుల మాటయే ఆధారమనెను కౌటిల్యుడు. పదునెనిమిది వివాదపదములలో మనువు సీమావివాదమునొకటిగా లెక్కించి, గుర్తులు తేటపడు జ్యేష్ఠమాసమున దానిని తీర్చుమనెను. మఱ్ఱి, రావి, మోదుగు వంటి చెట్లు హద్దున నాటుమనెను. బూడిద, ఊక, బొగ్గులు, ఇటుకముక్కలు, ఎముకలు భూమిలో పాతి దాచుమనెను. సాక్షులు ఎఱ్ఱబట్టలు కట్టి, తలపై మన్ను పెట్టుకొని హద్దు చూపవలెను. మితాక్షరను 13వ శతాబ్దిలో కేతన తెలుగు చేసెను గనుక, ఈ యూహలు మనకు పరాయివి కావు. వారి దృష్టిలో పొరుగువాడు మొదట సాక్షి, తరువాతనే శత్రువు.

నేడు మాదన్నపేట వంటి పాత పేటలలో ఆ వరుస తలక్రిందులైనది. ఇరుకు గల్లీ, రెండిండ్లకు ఒకే గోడ, అన్నదమ్ములు పంచుకొన్న చావడి, దానిపై లేచిన క్రొత్త అంతస్తు, ఆ యంతస్తునుండి పొరుగుగోడపై పడు తూమునీరు. ఇతర పొరుగువారికి నిజము తెలియును; కాని బోనెక్కరు, ఏలయన తీర్పు వచ్చిన మరునాడును ఆ గల్లీలోనే కాపురముండవలెను. కోర్టు కమీషనరు వచ్చి గోడను కొలుచును. ఆ ఖర్చు కోరినవాడు ముందుగా చెల్లింపవలెను. 20 ఏండ్లు అడ్డులేక హక్కుగా అనుభవించిన గాలి వెలుతురులకు చట్టము రక్షణ యిచ్చును, నిజమే. కాని ఆ 20 ఏండ్లను రుజువు చేయుట మరియొక ఖర్చు. స్థిరాస్తి హక్కునుగూర్చిన దావా నడచుచుండగా ఇల్లు కొన్నవాడు దాని తీర్పునకు కట్టుబడవలెనని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము 52వ సెక్షను చెప్పుచున్నది. కావున కొనువాడు వెనుదీయును, అప్పిచ్చు బ్యాంకు పెదవి విరచును. పొరుగువాడు వేసినది అబద్ధపు దావాయని తేలినచో? పౌరవ్యవహారస్మృతి 35-ఏ సెక్షను క్రింద అతనిచేత ఇప్పింపదగిన పరిహారమునకు గరిష్ఠ పరిమితి 3,000 రూపాయలు. ఈ మొత్తము ఏమూలకును చాలదని 2010లో సుప్రీముకోర్టే వినోద్ సేఠ్ కేసున ఆక్షేపించి, దానిని వాస్తవికముగా సవరింపవలెనని సూచించినది. గెలిచినవాని యింటిలో గూడ పెట్టె ఖాళీ యగుట కిదియొక కారణము.

ఈ లెక్కలు సాహిత్యవిమర్శలో ఏలయని కొందరడుగవచ్చును. వ్యాజ్యమును కథావస్తువుగా గైకొన్న రచయిత ఈ లెక్క తెలియక వ్రాసినచో, అతని పాత్రలు గాలిలో కొట్లాడును. నేటి కథలలో మొండి పొరుగువాడు తఱచుగా కనబడుచున్నాడు. మూడవ పుటలో కోర్టుకెక్కును, ఐదవ పుటలో పశ్చాత్తాపపడును. నడుమ గడచిన యేండ్లు, వాయిదాలు, ఇల్లాలి మెడనుండి దిగిన గొలుసు, ఇవి ఏ పుటలోను లేవు. రాజీ కూడ కథకుని దయవలన ఆకాశమునుండి ఊడిపడును. 1987 నాటి న్యాయసేవల చట్టము క్రింద లోక్ అదాలతులో రాజీపడినచో కట్టిన కోర్టుఫీజు వాపసగును, అప్పీలు లేదు, ఆ యవార్డు సివిలుకోర్టు డిక్రీతో సమానము. గొప్ప సన్నివేశమునకు చాలినంత సరుకు అక్కడున్నది: ఒకరి మొగము ఒకరు చూడని ఇద్దరు ఒకే బల్లకు ఎదురెదురుగా కూర్చుండి, ఒక్క తూముగొట్టము ఎటు త్రిప్పవలెనో తేల్చుకొనవలెను. ఆ బల్లయొద్ద ఇల్లాండ్రను గూడ కూర్చుండబెట్టిన కథ రావలెను. ఆ చట్టముననే 12వ సెక్షను స్త్రీకి, ఆమె ఆదాయమెంతయని యడుగకయే, ఉచిత న్యాయసహాయము నిచ్చుచున్నది. వెంకమ్మకు ఆ నాటకమంతటను వకీలు లేడు.