చాయ్ చాలు

కంట్లో చుక్కల మందు వేసి డాక్టరు రెండు రోజులు చదవొద్దన్నారు. పేపర్ ఫోన్ చేత చదివించుకున్నాను. చలి, చదువు, చాలా... అన్నిటికీ చాయ్‌లోని 'చ'నే పలికింది. పది నిమిషాలు ఓర్చుకుని ఆపేశాను.

ఈ కాలమ్ చదివేవాళ్లకు నా గోల తెలిసిందే. చలిలోని చ చాయ్‌లోని చ కాదని చూపడానికి, చ నెత్తిన ౨ అంకె పెట్టిన ౘ వాచకాల్లోకి తిరిగి రావాలని ఎన్నిసార్లు రాశానో! ఈసారీ అదే రాద్దామనుకున్నా.

సాయంత్రం నారాయణగూడలో ఇరానీ హోటల్‌కి వెళ్లాను. బిహార్ నుంచి వచ్చిన కుర్రాడు "సార్, రెండు చాయ్ చాలా?" అన్నాడు. రెండు చ లూ ఒకటే. "నాలుక కొస పైపళ్ల వెనక ఆనించి, వదిలేటప్పుడు 'స' అన్నట్టు గాలి పోనీ బాబూ" అన్నాను. రెండుసార్లు చక్కగా అన్నాడు. అవతలి టేబుల్ వాళ్లు పిలవగానే మళ్లీ చాయ్ చ.

తప్పు అతనిది కాదు. 1984లో అచ్చయిన ప్రయోగంలో కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ పసిపిల్లలకు హిందీ ట, త వినిపించారు. ఇంగ్లిష్ ఇళ్లలో పుట్టిన ఆరేడు నెలల పిల్లలు తేడా పట్టేశారు. ఏడాది దగ్గరపడ్డ పిల్లల్లో చాలామంది పట్టలేకపోయారు. ఇంట్లో వినపడని తేడాను చెవి అంత తొందరగా వదిలేస్తుంది. మరి ఇరవై ఏళ్లకు వచ్చిన చెవికి నా ౨ అంకె ఏం చేస్తుంది?

మా మనవరాలికి మూడేళ్లు, అక్షరాలు రావు. వాళ్ల అమ్మమ్మ చెయ్యి పట్టుకుని హైదర్‌గూడ నుంచి చిక్కడపల్లి మార్కెట్‌కి వెళ్తుంది. చుక్కకూరకు నాలుక పళ్ల వెనక్కి, చింతచిగురుకు అంగిట్లోకి. జామకాయ జ వేరు, జీడిపప్పు జ వేరు. ఇ, ఎ ల ముందు చ, జలు తాలవ్యాలని, అంటే అంగిట్లో పలుకుతాయని చిన్నయసూరి బాలవ్యాకరణం సంజ్ఞా పరిచ్ఛేదంలో చెప్పిన సంగతి ఆ పిల్ల నోట్లో ఎప్పుడో కుదురుకుంది. దానికి ఏ గుర్తూ అక్కర్లేకపోయింది. కూరగాయల బేరమాడే అమ్మమ్మ గొంతు సరిపోయింది. ఆ గొంతులు వింటే ఫోన్ కూడా నేర్చుకుంటుంది.

ౘ కోసం ఇక రాయను. మార్కెట్‌కి పిల్లల్ని తీసుకెళ్లమని రాస్తాను.

రాత్రి మనవరాలు చెయ్యి చాపింది: "తాతా, ఒక్క చాక్లెట్ చాలదు." మొదటి చ అంగిట్లో, రెండోది పళ్ల వెనక. ఇంకొకటి ఇచ్చాను.